పది అడుగుల గీత

నేను ఒక తెరను. విమానం నడిపేవాడి కళ్లెదుట, డ్యాష్‌బోర్డులో ఉండే ఏడంగుళాల తెరను. ఎంత ఎత్తులో ఉన్నాడో, ఎంత వేగంతో పోతున్నాడో, రెక్క ఏ పక్కకు వాలిందో చెప్పడం నా పని. సెకనుకు ఇరవై సార్లు చెబుతాను. మీరు ఈ నాలుగు ముక్కలు చదివేలోపు నేను రెండువందల సార్లు కొలిచి, రెండువందల సార్లు చెప్పి ఉంటాను. అందుకే కుదురు అంటే ఏమిటో నాకు తెలియదు. నన్ను ఊరికే ఉంచడమంటే పరుగెత్తేవాణ్ణి కుర్చీకి కట్టేయడమే.

అలాంటి నన్ను కట్టేశారు. తాడుతో కాదు, ఒక వాక్యంతో.

ఆ వాక్యం నేను పుట్టిన రోజే నా వీపు మీద అతికించారు. సముద్రాల అవతల, దుమ్ము దూరని ఒక తెల్లటి గదిలో పుట్టాను. నన్ను చేసినవాళ్ల ముఖాలు చూడలేదు, తెల్లటి తొడుగులు వేసుకున్న చేతులే చూశాను. ఆ చేతులు నా వీపున రెండు చిన్న ఇత్తడి మూతులు బిగించాయి. ఒక మూతికి ఎదురుగాలిని తెచ్చే గొట్టం తగిలించాలి. రెండోదానికి నిశ్చలమైన గాలిని తెచ్చే గొట్టం. ఎదురుగాలి ఎంత బలంగా తోస్తోందో నిశ్చలమైన గాలితో పోల్చి వేగం చెబుతాను. నిశ్చలమైన గాలి ఎంత పలచబడిందో చూసి ఎత్తు చెబుతాను. ఈ రెండు మూతుల్నీ కాస్త గుర్తుంచుకోండి. ఒక మనిషి ప్రాణం వీటి మీద ఆధారపడబోతోంది.

మూతుల పైన చీటీ అతికించారు: ‘అధీకృత డీలరు మాత్రమే బిగించవలెను.’

చీటీ చాలదనుకున్నారేమో, నా బుర్రలో ఒక తాళం కూడా పెట్టారు. ఒక విమానంలోంచి ఊడదీసి ఇంకో విమానంలో పెడితే నేను ముడుచుకుపోతాను. డీలరు వచ్చి పదహారు అంకెల సంకేతం కొట్టేదాకా ఒకే ఒక్క మాట చూపిస్తాను: ‘డీలరును సంప్రదించండి.’

మొదట తొమ్మిదేళ్లు ఒక చక్కెర మిల్లుల యజమాని విమానంలో పనిచేశాను. ఆయన పైలట్ ఉంగరం వేలితో నన్ను టకటకమని కొట్టి నమ్మేవాడు. యజమాని ఒక్కసారి మాత్రం ముందుకొచ్చి నన్ను తేరిపార చూసి, ఇందులో క్రికెట్ స్కోరు రాదా అని అడిగాడు. రాదని తెలిశాక మళ్లీ ముందుకు రాలేదు. తర్వాత మిల్లులు చేతులు మారాయి, విమానాన్ని విప్పి ముక్కలుగా అమ్మారు. నేను ఒక చెక్కపెట్టెలో, రెండు సీటు బెల్టులకూ ఒక విరిగిన కాఫీ ఫ్లాస్కుకూ మధ్య పడ్డాను.

ఆ పెట్టెలోంచి నన్ను తీసి, తువాలులో చుట్టి, ధర్మవరం బస్సెక్కించినవాడు కుళ్ళాయప్ప.

అరవై నాలుగేళ్ల సన్నటి మనిషి. వైమానిక దళంలో ఇరవై నాలుగేళ్లు పరికరాల ఫిట్టరు. వేలకొద్దీ ముళ్లు, గాజులు, గొట్టాలు బాగుచేసి, వాటిలో కూర్చుని ఇతరులు ఎగిరిపోతుంటే కిందనుంచి చూసినవాడు. పెన్షను మొదలయ్యాక ఫ్లయింగ్ క్లబ్బులో చేరి లైసెన్సు తెచ్చుకున్నాడు. ఆ తర్వాత తన విమానం తానే కట్టుకోవడం మొదలుపెట్టాడు. పదకొండేళ్లు కట్టాడు.

కట్టింది ఎక్కడనుకున్నారు? తండ్రి నాటి మగ్గాల షెడ్డులో. ఆరు మగ్గాలలో నాలుగు తీసేసిన చోట విమానం నిలబడింది. మిగిలిన రెండింటి మీద ఆయన భార్య ఓబులమ్మ పట్టుచీరలు నేయిస్తుంది, తానూ నేస్తుంది. ఒక పక్క మగ్గం దడదడ, ఇంకో పక్క రివెట్ల టకటక. రెక్క వెడల్పు షెడ్డు తలుపుకన్నా ఎక్కువని ఎనిమిదో ఏట తెలిసింది. గోడ పగలగొట్టారు. ఓబులమ్మ ఇటుకలు లెక్కగా పేర్చుకుని, మళ్లీ గోడ కట్టేటప్పుడు ఒక కిటికీ పెట్టించుకుంది.

నేను ఆ షెడ్డులోకి వచ్చిన రోజు ఆ దంపతులు నా వెనక బిగించాల్సిన రెండు గొట్టాలను పట్టుకుని కూర్చున్నారు. రెండూ ఒకే లావు, ఒకే నలుపు. ఒకటి ఎదురుగాలిది, ఒకటి నిశ్చలమైనదని కుళ్ళాయప్ప విడమరిచి చెప్పాడు. ఆమె దారం కండెకు చుడుతూనే వింది.

“ఒగటి కదలకుండా నిలబడేది, ఒగటి ఉరికేది. అంతేగదా? పడుగూ పేకా అను, సరిపాయె.”

మగ్గం మీద బిగించి నిలబడే దారాలు పడుగు. వాటి మధ్య అటూ ఇటూ ఉరికేది పేక. కుళ్ళాయప్పకు ఆ మాట ఎంత నచ్చిందంటే, అప్పటికప్పుడు ఒక గుడ్డపట్టీ మీద ‘ప’ అని రాసి నిశ్చలమైన గాలి గొట్టానికి చుట్టాడు. ప అంటే పడుగు. రెండోదానికి గుర్తు పెట్టలేదు. రెండింటిలో ఒకటి తెలిస్తే రెండోది తనంతట తానే తెలుస్తుందని ఫిట్టర్ల ధీమా. తర్వాత తీగలన్నిటినీ మైనం పూసిన పట్టుదారంతో కట్టలుగా కట్టారు. ముడులు ఓబులమ్మవి. జానెడుకొక ముడి, అన్నీ ఒకే వైపుకు.

పనిచేస్తానో లేదో చూడటానికి నన్ను కూర్చోబెట్టి కరెంటు ఇచ్చారు. నేను నోరు తెరిచి నాకు తెలిసిన ఒక్క మాట చెప్పాను.

డీలరును సంప్రదించండి.

సంప్రదించాడు. డీలరు బెంగళూరులో ఉన్నాడు. జవాబు మర్యాదగా వచ్చింది: మీ విమానాన్ని మా హ్యాంగరుకు తీసుకురండి, బిగించి ఇస్తాం. తెర బిగించందే విమానం ఎగరదు, ఎగరందే హ్యాంగరుకు ఎలా వస్తుందని ఈయన రాశాడు. అది మీ సౌకర్యాన్ని బట్టి అన్నారు. లారీ మీద తెస్తానన్నాడు. రెక్కలు విప్పి తెచ్చింది మా నిబంధన ప్రకారం విమానం కాదు, విడిభాగాలు అన్నారు. తెరను మాత్రం తెస్తానన్నాడు. విమానం లేకుండా బిగించడం సాధ్యం కాదన్నారు. నిజమే కదా.

నాకు నవ్వొచ్చేది కాదు, మండిపోయేది. ఈ మనిషి రెక్క చేశాడు, చట్టం సరేనంది. ఆ రెక్కను పట్టుకునే బోల్టులు బిగించాడు, సరేనంది. ఇంజను కూర్చోబెట్టాడు. తనిఖీ అధికారి హైదరాబాదు నుంచి వచ్చి, మోకాళ్ల మీద పాకి, ప్రతి రివెట్టూ చూసి, మెచ్చుకుని సంతకం పెట్టాడు. ఒకే షరతు: తెరకు డీలరు సర్టిఫికెట్టు కావాలి. ప్రాణం నిలిపే రెక్కను సొంతంగా చేసుకోవచ్చు. ఆ రెక్క ఎంత వేగంగా పోతోందో చెప్పేదాన్ని రెండు గొట్టాలకు తగిలించకూడదు.

ఇక్కడ తొందర ఎందుకో చెప్పాలి. కుళ్ళాయప్ప ఎడమ కన్ను మబ్బేస్తోంది. పైలట్లను పరీక్షించే డాక్టరు ఆఖరిసారి మెడికల్ సర్టిఫికెట్టు ఇస్తూ, వచ్చేసారి ఇవ్వలేనని ముఖం మీదే చెప్పాడు. ఆ కాగితం మార్చి ముప్పయ్యొకటి సాయంత్రంతో అయిపోతుంది. ఆ తర్వాత ఆయన ఏ విమానాన్నీ నడపకూడదు. తను కట్టినదాన్ని కూడా.

వేరే పైలట్‌ను పిలిపించి ఎగిరించొచ్చు కదా అని ఫ్లయింగ్ క్లబ్బువాళ్లు అన్నారట. ఓబులమ్మ ఒక్క మాటతో తేల్చేసింది.

“ఈయప్ప నేసిన చీర ఇంగొకరు కట్టుకోవచ్చు. ఇది చీర గాదు గదా.”

మూడు నెలల ఉత్తరాల తర్వాత డీలరు దయతలచి మనిషిని పంపుతానన్నాడు. తారీకు మార్చి ముప్పై.

అప్పటికి విమానాన్ని ఊరికి పడమట ఉన్న రన్‌వేకు చేర్చారు. మూతపడిన ఒక సిమెంటు ఫ్యాక్టరీవాళ్లు ఎప్పుడో వేసుకున్న రన్‌వే అది. రేకుల షెడ్డు, ఒక వేపచెట్టు, చుట్టూ వేరుశనగ చేలు.

వచ్చినవాడి పేరు రాయుడు. ముప్పై ఏళ్లుంటాయి. మడకశిర పిల్లవాడేనని తెలిసి ఓబులమ్మ సంబరపడింది. సంబరం ఎక్కువసేపు నిలవలేదు. అతను సంచిలోంచి సుద్దముక్క తీసి, టేపుతో కొలిచి, విమానం చుట్టూ పది అడుగుల దూరంలో గీత గీశాడు.

“బిగించేటప్పుడు యజమాని గీత బయటుండాల సార్. మా పుస్తకంలో ఉండాది. యజమాని చెయ్యి పడిందంటే సర్టిఫికెట్టు చెల్లదు.”

పదకొండేళ్ల పాటు ఆ విమానం కడుపులో దూరి తిరిగిన మనిషి గీత బయట నిలబడ్డాడు. పక్కనే ఓబులమ్మ.

“రాముడు లచ్చుమయ్య ఎవురూ ల్యాకుండా గీత గీసినావు నాయనా. బయటికి పోకుండా గాదు, లోపలికి రాకుండా” అందామె. రాయుడు సిగ్గుగా నవ్వాడు. మంచివాడే. పుస్తకాన్ని నమ్మినవాడు.

పట్టుదారం ముడులన్నీ కత్తెరతో కత్తిరించాడు. పుస్తకంలో ప్లాస్టిక్ కట్లు ఉన్నాయట. దారాలు నేల రాలుతుంటే గీత బయట ఒకరు గొంతు సవరించుకున్నారు. ఎవరో చూడలేదు, నేను వెనక్కి తిప్పి ఉన్నాను.

అప్పుడు అతని చేతికి గొట్టాలు వచ్చాయి. రెండూ ఒకే లావు, ఒకే నలుపు. ఒకదానికి గుడ్డపట్టీ. దాని మీద ‘ప’.

మీకు తెలుసు అది ఏమిటో. నాకు తెలుసు. గీత బయట ఉన్న ఇద్దరికీ తెలుసు. రాయుడికి మాత్రం తెలియదు. ఎదురుగాలి గొట్టాన్ని అతని చదువులో ‘పిటో’ అంటారు. పుస్తకంనిండా ఇంగ్లీషే చదివిన కుర్రాడికి ఒక తెలుగు అక్షరం కనబడేసరికి ముఖం విప్పారింది.

“ప అంటే పిటో. పెద్దాయన బలే రాసినాడే” అని గొణుక్కున్నాడు. నాకు తప్ప ఎవరికీ వినపడలేదు.

పడుగును తీసుకెళ్లి పేక మూతికి తగిలించాడు. పేకను పడుగు మూతికి.

నేను అరవాలి. కానీ తాళం పడినవాడికి ఒకటే మాట. డీలరును సంప్రదించండి, డీలరును సంప్రదించండి. డీలరే నా వీపున ఉన్నాడు.

ఒక అవకాశం మిగిలింది. పరీక్షపెట్టె. దాన్ని రెక్క అంచున ఎదురుగాలిని పట్టే గొట్టానికి తగిలించి గాలి కొడితే తప్పు క్షణంలో బయటపడుతుంది. రాయుడు పెట్టె తీశాడు, తగిలించబోయాడు. పెట్టె గొట్టం ఫ్యాక్టరీ విమానాలకు చేసింది. ఇంట్లో చేసిన రెక్కకు సరిపోలేదు.

“పది నిమిషాలియ్యి నాయనా. లేతు మీద చిన్న మూతి తిప్పుకోనొస్తా” అన్నాడు కుళ్ళాయప్ప.

“మీరు చేసింది తగిలిస్తే మీ చెయ్యి పడినట్లే సార్.”

“అయితే నోటితో ఊది సూడరాదా?” అంది ఓబులమ్మ.

“నోటితో ఊదే పరీక్ష మా పుస్తకంలో ల్యాదమ్మా.”

గడియారం చూసుకున్నాడు. మర్నాడు కోయంబత్తూరులో ఇంకో పని ఉంది, బస్సు అందుకోవాలి. ఫారంలో పరీక్ష ఎదురుగా ఉన్న గడిలో టిక్కు పెట్టాడు. నా వీపున రెండు మూతుల్నీ కప్పేలా వెండిరంగు సీలు అతికించాడు. సీలు చిరిగితే సర్టిఫికెట్టు రద్దు అని మూడుసార్లు చెప్పాడు. పదహారు అంకెలు కొట్టాడు.

నాకు మెలకువ వచ్చింది. ఎంత కాలమైంది! నేల ఎత్తు, ముక్కు దిశ, అన్నీ ఒక్కసారిగా నింపేశాను. గీత బయట నిలబడినవాడు కంట్లో నలుసు పడ్డట్టు ఎడమ కన్ను తుడుచుకున్నాడు. అతను ఆనందిస్తున్నాడు. విమానం ఉరకందే వీపున ఉన్న తప్పు నేను చూపించలేను.

మర్నాడు, ముప్పయ్యొకటో తారీకు ఉదయం ఏడున్నరకు కుళ్ళాయప్ప ఎక్కి కూర్చున్నాడు. ఎగరబోయే ముందు నేల మీదే వేగంగా ఒక పరుగు తీసి చూడటం పద్ధతి. రన్‌వే చివర ఓబులమ్మ నిలబడింది. ఇంజను హోరెత్తింది, చక్రాలు ఉరికాయి, చేలు వెనక్కి పారాయి.

నేను వేగం సున్నా చూపించాను.

ఎత్తు మాత్రం మారుతోంది. రన్‌వే ఎత్తు పదకొండు వందల నలభై అడుగులు. పదకొండు వందలయింది. వెయ్యిన్నీ డెబ్బై అన్నాను. వెయ్యిన్నీ ముప్పై అన్నాను. ఎంత వేగంగా ఉరికితే అంత లోతుకు దిగుతున్నాం. తొమ్మిది వందల ఎనభై దగ్గర ఆయన ఇంజను తగ్గించేశాడు. విమానం ఊగుతూ ఆగింది.

నాకు సిగ్గుతో చావాలనిపించింది. నాకు ఏ గాలి ఇస్తే ఆ మాటే చెబుతాను, అబద్ధం ఆడటం రాదు. అయినా అబద్ధమే ఆడాను.

ఆయన తిట్టలేదు. కాసేపు నన్నే చూసి, చిన్నగా నవ్వాడు. ఓబులమ్మ ఆయాసపడుతూ వచ్చేసరికి దిగి నిలబడ్డాడు.

“ఏమాయె?”

“నూటరవై అడుగులు బూమిలోకి పోయొచ్చినా మే. గొట్టాలు తారుమారైనాయి.”

తర్వాతి రెండు గంటలూ ఫోను. డీలరు ఆఫీసులో ఒక అమ్మాయి చాలా తీయగా మాట్లాడింది, వచ్చే నెల పద్నాలుగుకు మనిషిని పంపగలమంది. ఈ రోజే కావాలని ఈయన అంటే, అన్నిటికన్నా ముందు దొరికే తారీకు పద్నాలుగే అంది. సీలు తానే తీయవచ్చా అంటే, తప్పకుండా తీయవచ్చు సార్, సర్టిఫికెట్టు మాత్రం రద్దవుతుంది అంది.

రాయుడు కోయంబత్తూరులో ఫోనెత్తాడు. కుళ్ళాయప్ప జరిగింది చెప్పాడు.

“ప అంటే పిటో గాదా సార్?”

“పడుగు నాయనా.”

రాయుడి గొంతు మారింది. “సీలు కోసేయండి సార్. నేనే కొయ్యమన్నానని ఆఫీసులో చెప్పండి.”

“కోస్తే కాయితం పోతాది. కాయితం పోతే నేను ఎగరల్యాను. నీ ఉద్యోగమూ పోతాది. ఎవరికీ వచ్చేది ల్యాదు. నీ పని నువ్వు చూసుకో.”

ఫోను పెట్టేసి వేపచెట్టు కింద కూర్చున్నాడు. పదయింది. పన్నెండయింది. ఎండ రెక్కల మీద కణకణమంటోంది. నేను సెకనుకు ఇరవై సార్లు అదే నేలను కొలుస్తున్నాను. ఆయన పర్సులో మెడికల్ కాగితం ఉంది. ఈ సాయంత్రం ఆరూ ఇరవై ఎనిమిదికి సూర్యుడు దిగుతాడు. అనుమతి పగటి ఎగురుడుకే.

ఓబులమ్మ సంగటి, ఊరుబిండి పచ్చడి తెచ్చింది. ఆయన ముద్ద తాకలేదు. ఆమె కాసేపు చూసి, విమానం దగ్గరికి వచ్చి, వంగి నా వీపు చూసింది. సీలు చూసింది. గొట్టాల వెంట కన్ను పరుగెత్తించుకుంటూ పోయింది. అడ్డురేకు దాటి, సీటు కింద నుంచి, రెక్క మొదలు దాకా.

“ముట్టగూడనిది యాడుండాది?”

“ఆ సీలు కింద” అన్నాడాయన, అక్కడినుంచే.

“ఈ కొసన ఈ గొట్టాలను ఎవురు కలిపినారు?”

“నేనే.”

“ఇది డీలరుదా, నీదా?”

ఆయన లేచి నిలబడ్డాడు.

“పడుగు అయిపోతే ఏం జేస్తాం? మగ్గం విప్పుతామా? దువ్వెన మాదిరుండే అచ్చులోని పాత పోగుల్ని కదపం. వాటి కొసలకు కొత్త పోగులు అతుకుతాం. ముడి అక్కడ ఇప్పొద్దంటే ఇక్కడ ఇప్పు.”

అంత తేలికైన మాట. ఇరవై నాలుగేళ్ల ఫిట్టరుకు తట్టలేదు. ఎందుకు తట్టలేదో నాకు తెలుసు. తప్పు ఎక్కడుందో అక్కడే సరిచేయాలి, ఒక తప్పును ఇంకో తప్పుతో కప్పకూడదు. ఆయన కిందివాళ్లకు జీవితమంతా నేర్పింది అదే. ఆ మాట దాటి రెండో తప్పు చేయడానికి చెయ్యి రావడం లేదు. మూడు గంటలు దాటింది. రెక్క మొదట్లో చెయ్యి పెట్టాడు, తీశాడు. చివరికి తనిఖీ అధికారికి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ పెద్దమనిషి ఊపిరి బలంగా వదలడం నాక్కూడా వినిపించింది. యజమాని చేసిన భాగంలో యజమాని చేసిన మార్పు, పరీక్షించి లాగ్‌బుక్కులో రాయండి, అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు, జాగ్రత్త అని.

రెక్క మొదట్లో రెండు కీళ్లు విప్పి, గొట్టాలు మార్చి, బిగించాడు. అయిదు నిమిషాలు. బిగించినచోట ఓబులమ్మ పట్టుదారంతో ముడి వేసింది. లాగ్‌బుక్కు నింపాక, ఒక ఎర్రటి గుడ్డముక్క మీద రాసి అక్కడే వేలాడదీశాడు: ‘తెర వెనక పడుగు, పేక తారుమారు. ఇక్కడా తారుమారు చేయడమైనది. అక్కడ సరిచేసేవారు ఇక్కడా సరిచేయాలి.’

అయిదుంబావుకు మళ్లీ నేల మీద పరుగు. ముప్పై, నలభై, యాభై. ఎత్తు కదల్లేదు. అరవై అన్నాను, అది నిజం.

అయిదూ ముప్పై రెండుకు చక్రాలు నేలను వదిలేశాయి.

దాని గురించి పెద్దగా చెప్పలేను. నాకు తీరిక లేదు. డెబ్బై రెండు, డెబ్బై నాలుగు, పదమూడు వందల అడుగులు, పద్నాలుగు వందలు. ఒక్క అంకె తప్పినా ఈ మనిషి పడిపోతాడని తెలిసి కొలిచాను. మలుపులో వేగం అరవై ఒకటికి జారింది, నేను చూపించాను, ఆయన ముక్కు వెంటనే దించాడు. నేను చెప్పడం, ఆయన నమ్మడం. మా ఇద్దరి మధ్య ఉన్నదల్లా ఒక పట్టుదారం ముడి. కింద చిత్రావతి ఇసుక, దూరంగా ధర్మవరం కప్పులు. ఒకచోట ఆయన ఎడమ కన్ను మూసి, ఒక్క కుడి కన్నుతో ఆ కప్పుల వైపు చూశాడు. షెడ్డు కిటికీ కోసం వెతుకుతున్నాడనుకుంటాను. దొరికిందో లేదో.

పదకొండు నిమిషాలు. ఏడాదికొకటి.

దిగి, ఇంజను ఆపి, తలుపు తెరిచాడు. ఓబులమ్మ రెక్క పట్టుకుని నిలబడి ఉంది. ఎట్లుండె అని ఆమె అడగకముందే ఆయనే అన్నాడు.

“ముడి నిల్చింది మే.”

పద్నాలుగో తారీకున ఎవరూ రాలేదు. యజమానికి మెడికల్ చెల్లనందున ఎగరని విమానానికి సేవలు అందించలేమని డీలరు రాశాడు. ఎగరాలంటే నన్ను బిగించాలి, నన్ను సరిచేయాలంటే ఎగరాలి. గుండ్రంగా తిరిగి మొదటికే వచ్చింది.

ఇప్పుడు నేను అనంతపురంలో ఒక పాలిటెక్నిక్ కాలేజీ హాల్లో ఉన్నాను. విమానాన్ని కుళ్ళాయప్ప వాళ్లకే ఇచ్చేశాడు. విద్యార్థులు రోజూ ఒక గంట నాకు కరెంటు ఇస్తారు. మంగళవారాలు దంపతులిద్దరూ వచ్చి తీగలు కట్టడం నేర్పుతారు. విమానం చుట్టూ తాడు కట్టారు, ముట్టరాదు అని బోర్డు పెట్టారు. ఎవరు కొలిచారో, సరిగ్గా పది అడుగులు. గోడమీద అద్దం వెనక నా సర్టిఫికెట్టు: ‘నియమానుసారం బిగించడమైనది, పరీక్షించడమైనది.’ దాని ఎదురుగానే, నా వీపున, సీలు కింద తప్పు అలాగే ఉంది. రెక్క మొదట్లో రెండో తప్పు దానికి కాపలా కాస్తోంది. రెండూ కలిసి సరిగ్గానే పనిచేస్తాయి. నాకే నిద్ర పట్టదు.

ఒక మంగళవారం రాయుడు వచ్చాడు. సంచి లేదు, సుద్దముక్క లేదు. ఫోను వచ్చిన సాయంత్రమే తన దగ్గరి ఫారంలో ఆ టిక్కును గీత గీసి కొట్టివేసి, ఆఫీసుకు నిజం రాసి పంపాడట. ఉద్యోగం తీయలేదు. బిగించే పని తప్పించి అమ్మే పనిలో వేశారు. ఇప్పుడు డీలరు మాత్రమే బిగించాలని ఫోనులో జనానికి చెబుతుంటాడు.

తాడు బయటే నిలబడ్డాడు. దూరంనుంచే ఎర్రటి గుడ్డ చదివాడు.

“లోపలికి రావచ్చునా సార్?”

“రా నాయనా. ఇది నేను గీసిన గీత గాదు.”

రాయుడు తాడు కింద నుంచి దూరాడు. అద్దంలో ఉన్న సర్టిఫికెట్టు వైపు ఒకసారి చూసి, నా వీపున సీలు అంచు కింద గోరు పెట్టాడు. నేను బిగుసుకుపోయాను. దీనికి భయపడే ఒక మనిషి ఆ రోజంతా వేపచెట్టు కింద కూర్చున్నాడు. ఏమవుతుందో. మళ్లీ ఆ ఒక్క మాటే చూపిస్తానేమో.

చర్రుమని చిరిగింది. ఏమీ కాలేదు. అది కాగితం.

అతను నా వెనక, కుళ్ళాయప్ప రెక్క దగ్గర. ఇద్దరూ ఒకేసారి విప్పారు, ఒకేసారి మార్చారు. పడుగు పడుగుకు వచ్చింది, పేక పేకకు. ఇక ఎన్నడూ ఎగరని విమానానికి ఇంత శ్రద్ధ ఎందుకని చూస్తున్న విద్యార్థులు అనుకుని ఉంటారు. ఫిట్టర్ల సంగతి వాళ్లకింకా తెలియదు. ఎర్రటి గుడ్డను విప్పి కుళ్ళాయప్ప జేబులో పెట్టుకున్నాడు.

“పరీచ్చ?” అంది ఓబులమ్మ.

“పెట్టె తేలేదమ్మా” అన్నాడు రాయుడు, తల వంచుకుని.

ఆమె రెక్క ముందుకు వెళ్లి, కొంగుతో గొట్టం మూతి తుడిచి, మెల్లగా ఊదింది.

నలభై, అన్నాను. ఎత్తు అడుగు కూడా కదల్లేదు.